మొదటి చిన్న కారు: కొటేషన్ కాగితం నుంచి ఎక్స్‌టెండెడ్ వారంటీ దాకా

దసరాకు ముందు మా మామయ్య మొదటి కారు కొన్నారు. వయసు అరవై. బడిపంతులుగా రిటైరై రెండేళ్లయింది. ఖమ్మంలో షోరూంకి తోడుగా నన్నూ రమ్మన్నారు. సేల్స్ కుర్రాడు తెల్లకాగితం మీద పెన్నుతో కొటేషన్ రాసిచ్చాడు. మామయ్య ఆ కాగితాన్ని పరీక్ష పేపర్ దిద్దినట్టు, ఒక్కో లైను కింద వేలు పెట్టి చదువుతూ ఐదో లైను దగ్గర ఆగిపోయారు. "ఎక్స్‌టెండెడ్ వారంటీ: 16,400." నా వైపు తిరిగి, "వారంటీ కంపెనీ ఇచ్చేది కదరా, మళ్లీ మనం కొనడమేంటి?" అన్నారు.

ఆ ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. కారు ఏడాదికి ఎంత తిరుగుతుంది, ఎన్నేళ్లు ఉంచుకుంటారు, గేరు మాన్యువలా ఆటోమేటికా అన్న మూడు సంగతులు తేలితే తప్ప ఆ పదహారు వేలు దండగో అవసరమో చెప్పలేం. నిజానికి ఏ కారు కొనాలో తేల్చేదీ ఈ మూడే. అందుకే షోరూం మెట్లెక్కే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని నుంచి మొదలుపెడతాను.

మొదటి పని: మీ తిరుగుడు లెక్క రాయండి

ఒక కాగితం తీసుకుని ఏడాదిలో కారు ఎక్కడెక్కడికి వెళ్తుందో రాయండి. మామయ్య లెక్క ఇలా తేలింది. నెలకోసారి హైదరాబాద్‌లో కూతురి ఇంటికి, రానూపోనూ 400 కిలోమీటర్లు. పన్నెండు నెలలకు 4,800. ఊళ్లో బజారు, ఆసుపత్రి, గుడి కలిపి 2,000. పెళ్లిళ్లు, భద్రాచలం, అటూ ఇటూ మరో 1,200. మొత్తం 8,000.

ఈ ఒక్క అంకె చాలా ప్రశ్నలు తీర్చేస్తుంది. ఉదాహరణకు సీఎన్‌జీ తీసుకోవాలా వద్దా? పెట్రోల్ కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 8,000 కిలోమీటర్లకు దాదాపు 445 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున 47,500. అదే దూరానికి సీఎన్‌జీ కిలోకు 28 కిలోమీటర్లు, కిలో 95 రూపాయలు అనుకుంటే 27,000. ఏడాదికి ఇరవై వేలు మిగులు. సీఎన్‌జీ మోడల్‌కు తొంభై వేలు ఎక్కువ పెట్టామంటే అది తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు. పైగా చాలా మోడళ్లలో డిక్కీలో సగం సిలిండరే ఆక్రమిస్తుంది, మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించాలి. రోజూ అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సీఎన్‌జీ బంగారం. మామయ్యకు అక్కర్లేదు. కావాలనుకునేవాళ్లు మాత్రం కంపెనీ బిగించినదే తీసుకోండి. బయట కిట్ పెట్టించారంటే ఇంజన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

రెండో పని: మొత్తం బడ్జెట్ పెట్టుకోండి, ఎక్స్‌షోరూం ధర కాదు

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు పెట్రోల్ చిన్న కారుకు 28 శాతం జీఎస్‌టీ, ఆ పైన 1 శాతం సెస్, కలిపి 29 ఉండేది. చట్టం లెక్కలో చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. పన్నుకు ముందు 5 లక్షలున్న కారు అప్పట్లో 6.45 లక్షలయ్యేది, ఇప్పుడు 5.90 లక్షలు. యాభై అయిదు వేలు తగ్గినట్టు. ఆల్టో, వ్యాగన్ ఆర్, టియాగో, ఐ10 నియోస్, పంచ్, ఎక్స్‌టర్, స్విఫ్ట్, క్విడ్ పెట్రోల్ మోడళ్లన్నీ ఈ గీత లోపలే ఉన్నాయి.

ఎక్స్‌షోరూం ధర (లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలపని కారు ధర) తర్వాత పెద్ద ఖర్చు లైఫ్ టాక్స్. అయిదు నుంచి పది లక్షల మధ్య కారుకు తెలంగాణలో 14 శాతం. 6 లక్షల కారుకు 84,000 అన్నమాట. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారు ఉంటే రెండో దానికి మరో 2 శాతం కట్టాలి. ఇంట్లో ఇంకెవరి పేరు మీదా కారు లేకపోతే కొత్తది వాళ్ల పేరున తీసుకోవడం గురించి ఆలోచించండి. దీనికి ఇన్సూరెన్స్, చిల్లర ఖర్చులు కలిపితే 6 లక్షల కారు రోడ్డెక్కేసరికి 7.2 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. "నా బడ్జెట్ ఏడు లక్షలు" అంటే 5.8 లక్షల ఎక్స్‌షోరూం కారు చూడాలని అర్థం. ఈ తేడా ముందే తెలియక, షోరూంలో పరువు కోసం పై వేరియంట్‌కు సరేనని, ఆ తర్వాత అప్పు పెంచుకున్నవాళ్లను మా చుట్టాల్లోనే చూశాను.

అప్పు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. 5 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 10,379. ఏడేళ్లకైతే 8,045. నెలకు రెండు వేల మూడొందలు తగ్గింది కదా అనిపిస్తుంది. కట్టే మొత్తం వడ్డీ మాత్రం 1.23 లక్షల నుంచి 1.76 లక్షలకు పెరుగుతుంది. షోరూంలో లోన్ డెస్క్ దగ్గరికి వెళ్లే ముందు మీ జీతమో పెన్షనో పడే బ్యాంకులో ఒకసారి వడ్డీ అడిగి కాగితం తెచ్చుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే బేరం తీరే మారిపోతుంది.

మూడో పని: ఇంట్లోవాళ్లందరినీ తీసుకెళ్లి కూర్చోబెట్టండి

మైలేజీ, హార్స్‌పవర్ అంకెలు ఫోన్‌లో చూసుకోవచ్చు. షోరూంకి వెళ్లాల్సింది ఒంటికి ఏది సరిపోతుందో తెలుసుకోవడానికి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కిందికి కుంగి కూర్చునే కారు నరకం. వ్యాగన్ ఆర్, పంచ్, ఎక్స్‌టర్ లాంటి ఎత్తు సీట్ల కార్లలోకి కుర్చీలో కూర్చున్నట్టు ఎక్కొచ్చు, దిగొచ్చు. అత్తయ్య స్విఫ్ట్‌లో కూర్చుని, లేవడానికి తలుపు ఫ్రేమ్ పట్టుకున్నారు. అక్కడితో ఆ కారు ముచ్చట అయిపోయింది.

డిక్కీ చూడండి. వ్యాగన్ ఆర్‌కు 341 లీటర్లు, ఎక్స్‌టర్‌కు 391, పంచ్‌కు 366, స్విఫ్ట్‌కు 265, టియాగోకు 242, ఆల్టో కె10కు 214. ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడి పళ్ల బుట్ట తెచ్చుకునే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పల్లె దారులుంటే గ్రౌండ్ క్లియరెన్స్ అడగండి: పంచ్ 187 మిల్లీమీటర్లు, వ్యాగన్ ఆర్ 165, స్విఫ్ట్ 163.

భద్రత గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మన దేశానికంటూ భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్ విధానం 2023 అక్టోబర్ 1న మొదలైంది. అంతకుముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో టాటా పంచ్‌కు 2021లో అయిదుకు అయిదు స్టార్లు వచ్చాయి. 2023లో వ్యాగన్ ఆర్‌కు ఒకటి, ఆల్టో కె10కు రెండు వచ్చాయి. అప్పటి ఆ కార్లలో ఎయిర్‌బ్యాగులు రెండే. 2025 మే నుంచి మారుతీ ఈ రెండింటికీ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. మెచ్చుకోవాల్సిన మార్పే. కానీ ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన కారు బాడీ గట్టిపడదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. నన్నడిగితే సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్ ఉన్న పై వేరియంట్‌కు పెట్టే డబ్బుతో మంచి రేటింగ్ ఉన్న కారులో కింది వేరియంట్ తీసుకోమంటాను. వెనక సీట్లో మనవళ్లు కూర్చునే కారు అయితే మధ్య సీటుకు కూడా మూడు చోట్ల బిగుసుకునే బెల్టు ఉందా, చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా అని చేత్తో తడిమి చూడండి.

టెస్ట్ డ్రైవ్ షోరూం చుట్టూ ఒక రౌండుతో సరిపెట్టొద్దు. ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని, ఒక ఫ్లైఓవరో గుట్టదారో ఎక్కించండి. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్ల సత్తా అక్కడే తెలుస్తుంది. ఏఎంటీ గేర్ల (క్లచ్ తొక్కే పని లేకుండా మోటారే గేరు మార్చే రకం ఆటోమేటిక్) కారైతే ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. వెనక్కి ఎంత జారుతుందో, గేరు మారేటప్పుడు తల ఎంత ముందుకు ఊగుతుందో చూడండి. కొందరికది అలవాటైపోతుంది, కొందరికి ఎన్నాళ్లైనా చిరాకే.

నాలుగో పని: కొటేషన్ ఒక్కో లైనూ చదవండి

మామయ్య చేసిన పని ఇదే. ప్రతి లైను పక్కన "ఇది ప్రభుత్వానికి వెళ్తుందా, కంపెనీకా, షోరూంకా?" అని రాసుకున్నారు. ప్రభుత్వానికి వెళ్లేది తగ్గదు. షోరూంకి వెళ్లేది ఏదైనా తగ్గుతుంది.

హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్, మిసలేనియస్ పేర్లతో ఉన్నవి ఆర్‌టీఏకు కట్టేవి కావు. కొట్టేయమని అడగండి. యాక్సెసరీస్ కిట్ పేరుతో పాతిక వేలు వేస్తే అందులో ఏమేముందో విడివిడిగా రాసిమ్మనండి. మడ్ ఫ్లాపులు, మ్యాట్లు తప్ప మిగతావి బయట సగం ధరకు దొరుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వైరింగ్ కోసి బిగించే మ్యూజిక్ సిస్టం, ఫాగ్ ల్యాంపుల జోలికి బయట పోవద్దు. ఎందుకో వారంటీ దగ్గర చెబుతాను. పెయింట్ మీద వేసే టెఫ్లాన్ కోటింగ్, కారు అడుగున వేసే అండర్‌బాడీ కోటింగ్ మొదటి రోజే అక్కర్లేదు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు అండర్‌బాడీ గురించి మాత్రం ఆలోచించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 1,000 సీసీ లోపు కారుకు అది 6,521 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య 10,640. దీని మీద జీఎస్‌టీ అదనం. ఇది ఎక్కడ కొన్నా ఒకటే. తేడా అంతా ఓన్ డ్యామేజీ (మన కారుకు జరిగే నష్టానికి బీమా), యాడాన్‌ల (అదనంగా కొనుక్కునే కవర్ల) దగ్గర వస్తుంది. అదే ఐడీవీ (బీమా కంపెనీ మన కారుకు కట్టే విలువ), అవే యాడాన్‌లతో బయట ఒక కోట్ తెప్పించుకుని షోరూం వాళ్లకు చూపించండి. మామయ్యకు అలా ఏడు వేలు తగ్గింది. జీరో డిప్రిసియేషన్ (క్లెయిమ్‌లో భాగాల తరుగుదల కోసుకోని యాడాన్) మొదటి అయిదేళ్లు తీసుకోండి. ఇంజన్ ప్రొటెక్ట్ మాత్రం మీ వీధిని బట్టి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ల ముందున్న కార్లు మునిగిపోయాయి. అలా నీళ్లు పోయిన ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టం ఏ వారంటీలోకీ రాదు, మామూలు ఇన్సూరెన్స్‌లోకీ సాధారణంగా రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ ఉన్నవాళ్లకే ధీమా. అదున్నా సరే, నీళ్లలో ఆగిన కారుకు తాళం తిప్పొద్దు. తోసుకుంటూ బయటికి తేవాల్సిందే.

అయిదో పని: ఎక్స్‌టెండెడ్ వారంటీ లెక్క

ఇక మామయ్య అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం.

కారుతో ఉచితంగా వచ్చే వారంటీకి రెండు గీతలుంటాయి, ఒకటి కాలం, ఒకటి కిలోమీటర్లు. ఏది ముందు దాటితే అక్కడితో వారంటీ అయిపోయినట్టే. 2024 జులై నుంచి మారుతీ కార్లకు ఇది మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. అంతకుముందు రెండేళ్లు, 40,000 మాత్రమే ఉండేది. డబ్బు కట్టి నాలుగు, అయిదు, ఆరో ఏడు దాకా, అంటే 1.2 లక్షలు, 1.4 లక్షలు, 1.6 లక్షల కిలోమీటర్ల దాకా పొడిగించుకోవచ్చు. హ్యుందాయ్‌లో మూడేళ్లు, కిలోమీటర్ల పరిమితి లేదు. మిగతా కంపెనీలవి ఓనర్స్ మాన్యువల్‌తో వచ్చే వారంటీ పుస్తకంలో ఉంటాయి. షోరూం వాళ్ల నోటిమాట కాకుండా ఆ పేజీ తెరిచి చూడండి.

ఇప్పుడు మీ తిరుగుడు లెక్క ఈ గీతల పక్కన పెట్టండి. ఏడాదికి 8,000 తిరిగే మామయ్యకు మూడేళ్లకు 24,000. కిలోమీటర్ల గీత దగ్గరికి ఆయన జన్మలో పోరు. ఆరో ఏడు దాకా పొడిగిస్తే ఆయన కొనేది మూడు అదనపు ఏళ్లే. అదే రోజూ జిల్లాలు తిరిగే మెడికల్ రెప్‌కు ఏడాదికి 40,000 అయితే లక్ష రెండున్నరేళ్లకే అయిపోతుంది. ఆరేళ్ల ప్యాకేజీ అని కొన్నది 1.6 లక్షల దగ్గర, అంటే నాలుగో ఏటనే ముగుస్తుంది. కాగితం మీద ఆరేళ్లుంటాయి, ఆయనకు అందేది నాలుగు. డబ్బు కట్టే ముందు ఇద్దరూ వేసుకోవాల్సిన లెక్క ఇదే. పసుపు ప్లేటుతో క్యాబ్‌గా తిప్పేవాళ్లకు షరతులే వేరుగా ఉంటాయి, వాళ్లు విడిగా అడగాలి.

తర్వాత, ఏం కవరవుతుంది? ఇంజన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలు, ఏసీ కంప్రెసర్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్ లాంటివి తయారీలోపం వల్ల పాడైతే మారుస్తారు. అరిగిపోయేవి రావు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు, ఆయిల్ మన ఖర్చే. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది. ఎలుకలు వైర్లు కొరికితే అది ఇన్సూరెన్స్ చూసుకోవాల్సిన పని. ఏఎంటీ కారు కొన్నవాళ్లు ఇక్కడ మోసపోయామనుకుంటారు. గేరు మార్చే యాక్చువేటర్ వారంటీలో వస్తుంది, ట్రాఫిక్‌లో అరిగిన క్లచ్ ప్లేటు రాదు. రెండూ ఒకే కారులో ఒకే నెలలో పోతే సగం బిల్లు మనమే కట్టుకోవాలి.

మూడోది, షరతులు. ఇది నా సొంత అనుభవం. 2016లో కొన్న మా కారుకు అయిదో ఏడు దాకా పొడిగింపు తీసుకున్నాను. నాలుగేళ్ల రెండు నెలలకు ఒక సాయంత్రం సూర్యాపేట దాటాక స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, డ్యాష్‌బోర్డ్ మీద పసుపు దీపం వెలిగింది. రెండు చేతులతో బలంగా తిప్పుకుంటూ ఎలాగో పక్కకు తీశాను. వర్క్‌షాప్‌లో స్టీరింగ్ మోటార్ అసెంబ్లీ పోయిందన్నారు. బిల్లు 38,000. వారంటీ కాగితం చూపిస్తే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో నా హిస్టరీ తెరిచాడు. లాక్‌డౌన్ ముందు ఒక సర్వీసు మా వీధి మెకానిక్ దగ్గర చేయించాను. ఆయిల్ మంచిదే పోశాడు, పని శుభ్రంగానే చేశాడు. కానీ కంపెనీ రికార్డులో ఆ ఏడాది ఖాళీ. క్లెయిమ్ కొట్టేశారు. తొమ్మిది వేలు పెట్టి కొన్న వారంటీ పదిహేను వందలు మిగుల్చుకోబోయి పోగొట్టుకున్నాను.

అందుకే ఇది రాసిపెట్టుకోండి. పొడిగింపు కొన్నారంటే ఆ ఏళ్లంతా ఆథరైజ్డ్ వర్క్‌షాప్ సర్వీసు ఖర్చు కూడా కొన్నట్టే. పది వేల కిలోమీటర్లో ఏడాదో, ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించాలి. తిరగకపోయినా సరే ఏడాది కాగానే వెళ్లాలి. బయట వైరింగ్ కోసి ఏదైనా బిగిస్తే ఎలక్ట్రికల్ క్లెయిమ్ పోతుంది. వీధి మెకానిక్‌కూ వర్క్‌షాప్‌కూ ఏడాదికి నాలుగు వేలు తేడా ఉంటే, మూడు అదనపు ఏళ్లకు పన్నెండు వేలు. వారంటీ అసలు ధర 16,400 కాదు, 28,400 అన్నమాట. దాన్ని ఒక పెద్ద రిపేరుతో పోల్చుకోండి.

నాలుగోది, కాగితం మీద ఎవరి పేరుంది? కారు కంపెనీ ఇచ్చే పొడిగింపైతే దేశంలో ఏ ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లోనైనా చెల్లుతుంది. కొన్ని షోరూంలు తమ సొంత ప్రొటెక్షన్ ప్లానో, మరో సంస్థ ప్లానో అదే పేరుతో అమ్ముతాయి. అది ఆ ఒక్క షోరూంలోనే చెల్లొచ్చు. సర్టిఫికెట్ నమూనా చూపించమని అడగండి. కారు అమ్మితే కొత్త ఓనర్‌కు మారుతుందా అని కూడా అడగండి. మారేదైతే అమ్మేటప్పుడు బేరానికి పనికొస్తుంది.

చివరి విషయం చాలామందికి తెలియదు. డెలివరీ రోజే కొనాల్సిన పని లేదు. ఉచిత వారంటీ నడుస్తున్నంత కాలం చాలా కంపెనీలు పొడిగింపు అమ్ముతాయి. ఆలస్యమైన కొద్దీ ధర పెరుగుతుంది, అంతే. మొదటి ఏడాది ఎప్పుడు దాటుతుందో, అప్పుడు ధర ఎంతవుతుందో రాసిమ్మని అడిగితే చెబుతారు. ఇంకొకటి, దీన్ని లోన్‌లో కలపనివ్వొద్దు. 15,000 వారంటీ ఏడేళ్ల లోన్‌లో 9 శాతానికి కలిస్తే తేలేది 20,272.

ఇంతకీ ఎవరు తీసుకోవాలి? ఏఎంటీ, సీవీటీ (ఇంకో రకం ఆటోమేటిక్), టర్బో ఇంజన్ ఉన్న కారు, ఆరేళ్లకు పైగా ఉంచుకునేవాళ్లు, ఏడాదికి పదిహేను, ఇరవై వేలు తిరిగేవాళ్లు, చేతిలో ఒక్కసారిగా నలభై వేలు తీయడం కష్టమైనవాళ్లు తీసుకోండి. మామూలు మాన్యువల్ గేర్ల కారు కొని, నాలుగేళ్లకు మార్చేసే అలవాటున్నవాళ్లకు నేనైతే వద్దంటాను. దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఉండి, ఆయన దగ్గరే సర్వీసు చేయించాలని ముందే అనుకున్నవాళ్లకూ వద్దు, ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి.

మామయ్యది మాన్యువల్ కారు, తక్కువ తిరుగుడు. కానీ ఆయన ఈ కారు పదేళ్లు ఉంచుకుంటారు, స్కూటర్ ఇరవై రెండేళ్లు ఉంచుకున్న మనిషి. తక్కువ తిరిగే కారులో యాంత్రిక భాగాలు పెద్దగా అరగవు, ఎలక్ట్రానిక్స్‌కు మాత్రం ఎండ, తేమ, కాలం తగులుతూనే ఉంటాయి. కాబట్టి పూర్తిగా వద్దనలేదు. షోరూం వాళ్లు సీటు కవర్లు, డాష్ కెమెరా, టెఫ్లాన్ కలిపి "ఇరవై వేల విలువైనవి ఫ్రీ" అన్నారు. అవన్నీ తీసేసి అయిదో ఏడు దాకా పొడిగింపు ఇమ్మన్నాం. రెండు రోజులు తర్జనభర్జన పడి, నెలాఖరు కావడంతో ఒప్పుకున్నారు. ఆషాఢంలో, నెలాఖరు వారంలో, డిసెంబర్‌లో ఇలాంటి బేరాలు తెగుతాయి. ముహూర్తాల రద్దీలో తెగవు. డిసెంబర్‌లో కొంటే తయారీ సంవత్సరం ఒకేడు పాతదవుతుందని, అమ్మేటప్పుడు ఆ మేరకు తగ్గుతుందని గుర్తుంచుకోండి. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఆ బాధ లేదు.

ఆరో పని: రిజిస్ట్రేషన్‌కు ముందు కారును కళ్లారా చూడండి

పూర్తి డబ్బు కట్టకముందు, మీ పేరున రిజిస్టర్ కాకముందు స్టాక్‌యార్డులో కారు చూపించమనండి. రిజిస్టరయ్యాక వద్దనడం దాదాపు అసాధ్యం. పగటి వెలుతురులో వెళ్లండి, వాన పడ్డ కారు చూడొద్దు, తడి మీద గీతలు కనిపించవు.

మేం ఉదయం తొమ్మిదింటికి వెళ్లాం. మామయ్య చేతిలో టార్చి, నా చేతిలో బుకింగ్ కాగితం. ముందు ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితంతో అంకె అంకె సరిచూశాం. తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద గుండ్రటి గీత లోపల నాలుగంకెలుంటాయి. 2825 అంటే 2025లో 28వ వారంలో తయారైందని. అయిదు టైర్లకూ దగ్గరదగ్గర అంకెలే ఉండాలి. మా కారులో నాలుగు సరిపోయాయి, స్టెపినీ మాత్రం ఏడాదిన్నర పాతది. అడిగితే మార్చారు. అడగకపోతే మాకు తెలిసేదే కాదు. అద్దాల మూలన కంపెనీ గుర్తు అన్నిటి మీదా ఒకటే ఉందా, బానెట్ అంచులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, తలుపు రబ్బర్ల కింద పెయింట్ రంగు తేడా ఉందా అని చూడండి. మీటర్ వంద కిలోమీటర్లు దాటితే ఎందుకో అడగండి. ఏసీ, అన్ని కిటికీలు, హారన్, వైపర్, రివర్స్ కెమెరా నొక్కి చూడండి. కారు కింద వంగి ఆయిల్ మరక కోసం వెతకండి.

డెలివరీ రోజు నిమ్మకాయల హడావిడిలో కాగితాలు మర్చిపోతారు. ఇన్వాయిస్, ఫారం 21 (షోరూం ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ పాలసీ, రెండు తాళాలు, వారంటీ పుస్తకం, పొడిగింపు తీసుకుంటే దాని సర్టిఫికెట్ చేతికొచ్చాకే గుడికి బయల్దేరండి. సర్టిఫికెట్ మీద మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, కిలోమీటర్ల పరిమితి, ఛాసిస్ నంబరు ఉండాలి. "సిస్టంలో ఎక్కుతుంది సార్" అంటే ఒప్పుకోవద్దు. ఇచ్చిన మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ ముందు అడిగేది రాతపూర్వకమైన కాగితమే.

ఏడో పని: వారంటీ ముగిసే నెల ముందు

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొని ప్రతి సర్వీసు బిల్లూ అందులో పెట్టండి. జాబ్‌కార్డులో (సర్వీసుకు ఇచ్చేటప్పుడు వర్క్‌షాప్ వాళ్లు పని రాసుకునే కాగితంలో) మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. "స్పీడ్ బ్రేకర్ మీద ఎడమ ముందు చక్రం దగ్గర టకటక" అని రాసి ఉంటే, వారంటీ ముగిశాక అదే చప్పుడు పెద్దదైనా ఇది పాత సమస్యేనని చూపించుకోవచ్చు. రాయించకుండా నోటితో చెప్పి వస్తే ఏమీ చెప్పనట్టే.

వారంటీ ముగియడానికి నెల ముందు, సర్వీసు బాకీ లేకపోయినా, ఒకసారి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి. కారుని లిఫ్ట్ ఎక్కించి కింద ఎక్కడైనా కారుతోందా, స్టీరింగ్ ర్యాక్‌లో వదులుందా, ఏసీ చల్లదనం తగ్గిందా, స్కానర్ పెడితే ఏవైనా కోడ్‌లు వస్తున్నాయా చూడమనండి. ఆ రోజు దొరికిన లోపం కంపెనీ ఖర్చు, నెల తర్వాత దొరికినది మీ ఖర్చు. మామయ్య ఆ తేదీని క్యాలెండర్‌లో కాదు, గ్లవ్‌బాక్స్ మూత లోపలి వైపు ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసుకున్నారు, పక్కనే కారు కొన్న రోజు మీటర్ రీడింగు: 31 కిలోమీటర్లు.